యథాతథం బావ

మా బావ ఏ వస్తువు కనిపించినా ఎత్తి, దాని కింద ఏముందో చూసి, మళ్ళీ ఉన్నది ఉన్నట్టు పెట్టేస్తాడు. ఆయన గురించి చెప్పుకోదగ్గ సంగతి ఇదొక్కటే. మిగతా అన్ని విషయాల్లోనూ మామూలు మనిషే. అయితే ఈ లోకంలో ఎత్తి చూడ్డానికి వీల్లేని వస్తువులు చాలా తక్కువ కాబట్టి, మిగతా విషయాలకి ఆయనకి పెద్దగా తీరిక దొరకదు.

ఉన్నది ఉన్నట్టు అంటే నిజంగా ఉన్నది ఉన్నట్టే. పూలకుండీ ఎత్తితే, కింద మట్టిలో పడ్డ గుండ్రటి మచ్చ మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెడతాడు. దుమ్ము పట్టిన పుస్తకం ఎత్తితే దుమ్ముతో సహా పెడతాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని యథాతథంగారు అంటారు. అసలు పేరు జీతం ఇచ్చేచోట తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు.

మా అక్కని పెళ్ళి చేసుకుంటానని అడగడానికి ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కుర్చీలో కూర్చోబోతూ ఆగి, కుర్చీ ఎత్తాడు. కింద చూశాడు. దించాడు. తర్వాత బల్ల మీది పేపరు ఎత్తాడు. దించాడు. మా నాన్న కళ్ళజోడు ఎత్తాడు.

"ఏమన్నా పోగొట్టుకున్నావా బాబూ?" అన్నాడు నాన్న.

"లేదండీ."

"మరి ఏం కావాలి?"

"ఏమీ వద్దండీ. దీని కింద ఏమీ లేదు."

"లేదని తెలిసీ ఎందుకు ఎత్తావు?"

"ఎత్తకముందు తెలీదు కదండీ."

నాన్న లోపలికి వెళ్ళి, "పిచ్చివాడైతే కాదు. పిచ్చివాడు వస్తువులు ఇంత బాగా సర్దడు" అని అమ్మతో చెప్పాడు. సంబంధం ఖాయమైంది. మా నాన్న కళ్ళజోళ్ళ షాపు నడిపేవాడు. ఇప్పుడు నేను నడుపుతున్నాను. చూపు విషయంలో మా ఇంట్లో కొంచెం పట్టింపు ఎక్కువ.

బావకి ఈ అలవాటు ఉద్యోగం వల్ల అంటుకుంది. ఊరి చివర చిన్న అడవి ఉంది. అడవి అనగానే పులులని ఊహించుకోనక్కర్లేదు. పొద్దున్న టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఈ చివర నుంచి ఆ చివరకి పోయి రావచ్చు. ఆ అడవి అంచున జీవశాస్త్ర కేంద్రం ఒకటి, దాని ఆవరణలోనే బావ వాళ్ళ క్వార్టర్సు ఉన్నాయి. కేంద్రంలో బావ పని, ఒక బల్లిని చూడడం. ఒకే జాతి బల్లి. చిటికెన వేలంత ఉంటుంది కాబట్టి దానికి చిటికెన బల్లి అని ఆయనే పేరు పెట్టాడు. ఇంట్లో గోడల మీద తిరిగే బల్లులకీ దీనికీ సంబంధం ఉందంటే బావ నొచ్చుకుంటాడు.

"అది లైటు కింద పురుగుల కోసం కాచుకు కూర్చునే రకం. ఇది పగలంతా ఒళ్ళు వంచి పనిచేస్తుంది" అంటాడు, సొంత చెల్లెలి గురించి చెబుతున్నట్టు.

నిజంగానే అది పగటిపూట తిరిగే బల్లి. ఎండుటాకు రంగు. మనిషి మోకాలి ఎత్తు దాటి చెట్టెక్కదు. చీమల్నీ చెదల్నీ తిని బతుకుతుంది. భయమేస్తే తోక వదిలేసి పోతుంది, మళ్ళీ కొత్త తోక మొలిపించుకుంటుంది. కొత్తది పాతదంత అందంగా ఉండదని బావ బాధ. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది దాని కళ్ళు. దానికి రెప్పలుండవు. కంట్లో దుమ్ము పడితే నాలుక చాపి నాకి తుడుచుకుంటుంది.

"మరి చూడకూడనిది ఎదురైతే ఏం చేస్తుంది బావా, కళ్ళు మూసుకోవడానికి లేదుగా?" అన్నాను ఓసారి.

"చూస్తుంది. చూసి ఊరుకుంటుంది" అన్నాడు.

ఒక సెలవు రోజున నన్నూ అడవికి తీసుకెళ్ళాడు. ఆయన రాళ్ళు ఎత్తడం, చూడ్డం, పెట్టడం. నేను వెనకాల నడుస్తూ ఉత్సాహం కొద్దీ ఒక రాయి ఎత్తాను. కింద ఒక చిటికెన బల్లి నావైపు చూసి, ఒక కన్ను నాక్కుని, నన్ను పట్టించుకోకుండా కూర్చుంది. నేను రాయి పెట్టేసి నడిచాను. అడవి దాటి రోడ్డెక్కాక బావ ఆగాడు.

"నువ్వు ఆ రాయి ఎలా పెట్టావు?"

"ఎలా పెడతారు, కింద పెట్టాను."

"ఎలా ఉన్నది అలా పెట్టావా?"

"కాస్త అటో ఇటో..."

బావ వెనక్కి తిరిగాడు. అంత ఎండలో మళ్ళీ అడవిలోకి నడిచి, ఆ రాయిని చిటికెడు పక్కకి జరిపి, "ఇప్పుడు పద" అన్నాడు. దారి పొడుగునా నేను సణిగాను. చివరికి ఆయన చెప్పాడు: "రాయి కింద చీకటి, తడి, చల్లదనం అన్నీ సరిపోయేట్టు చూసుకుని అది కాపురం పెట్టుకుంటుంది. నువ్వు వేలెడు సందు వదిలితే గాలి దూరుతుంది. తడి ఆరిపోతుంది. మనం చూడ్డం తప్పు కాదు. చూసిన సంగతి దాని కాపురానికి తెలియకూడదు."

ఇది అడవికి పరిమితమై ఉంటే ఆయన్ని మంచి శాస్త్రవేత్త అని మాత్రమే అనేవాళ్ళు. కానీ బావకి అడవీ ఊరూ తేడా లేదు. ఒకసారి బస్సులో పక్క సీటాయన నిద్రపోతూ బావ భుజం మీద తల వాల్చాడు. బావ జేబులోంచి టికెట్టు తీసుకోవడానికి ఆ తలని మెల్లగా ఎత్తి, టికెట్టు తీసి, తలని మళ్ళీ భుజం మీదే పెట్టుకున్నాడు. దిగాల్సిన స్టాపు వచ్చింది, పోయింది. ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, ఆయన నిద్ర లేచాక దిగి, ఇంకో బస్సులో తిరిగొచ్చాడు.

"లేపి దిగొచ్చుగా!" అంది అక్క.

"ఎత్తిన తల ఎక్కడ పెట్టను? ఉన్న చోటు నా భుజం."

ఇంకోసారి అక్క ఆయనకి అలమర శుభ్రం చేసే పని అప్పగించి డ్యూటీకి వెళ్ళింది. సాయంత్రం వచ్చి చూస్తే అలమర పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది. ఖాళీ మందు సీసాలు, మూత లేని పెన్ను, చచ్చిన బొద్దింక అన్నీ ఎక్కడివక్కడే.

"మీరు అసలు ముట్టుకున్నారా?"

"అన్నీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. సాలెగూడు ఒక్కటే మునుపటిలా కుదరలేదు. ఏమనుకోకు" అన్నాడు బావ, నిజంగా బాధపడుతూ.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. అక్క పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. ఆవిడ చేతిలోంచి సూది కూడా జారదని డాక్టర్లే చెప్పుకుంటారు. ఆ పేరంటే అక్కకి ప్రాణం. మా చిన్నప్పుడు గ్లాసు పగిలితే, ఎవరు పగలగొట్టారని మా ఇంట్లో అడిగేవాళ్ళు కాదు. తిన్నగా నన్ను తిట్టేవాళ్ళు.

బావ వాళ్ళమ్మ దగ్గర నీలం పువ్వుల పింగాణీ జాడీ ఒకటుండేది. వాళ్ళమ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది. ఆవిడ మంచం పట్టాక జాడీని అక్క చేతుల్లో పెట్టి, "మా వాడికి ఇస్తే ఎత్తి ఎత్తి అరగదీస్తాడమ్మా. నీ చెయ్యి జారదు, నువ్వుంచుకో" అంది. ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదు. అక్క ఆ జాడీని పసిపాపలా చూసుకునేది.

తర్వాత కొన్నాళ్ళకి బావ వాళ్ళ పిన్ని చూడ్డానికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"మా అక్క జాడీ ఏదమ్మా, కనిపించదే?" అంది పిన్ని.

"మా తమ్ముడు పట్టుకెళ్ళాడు పిన్నిగారూ, ముచ్చటపడ్డాడు" అంది అక్క.

నాకు కాఫీ పొలమారింది. అక్క నా వైపు చూసింది. ఆ చూపు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

"ముచ్చటపడ్డావా నాయనా?" అంది పిన్ని.

"పడ్డానండీ" అన్నాను.

మూల కూర్చుని పీట ఎత్తి చూస్తున్న బావ, "వాడికి ఆ జాడీ అంటే ప్రాణం పిన్నీ. వాడి దగ్గరే ఉండనీ" అని పీట దించాడు. పాపం, ఏం చెప్పినా నమ్మేస్తాడు అనుకున్నాను.

పిన్ని వెళ్ళాక అక్క నన్ను అడవిని ఆనుకుని ఉన్న పెరటి కొట్టులోకి లాక్కెళ్ళింది. విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన డబ్బాల వెనకాల పాత దుప్పటి ఉంది. అది తొలగించింది. లోపల జాడీ. దానికి మెడ నుంచి అడుగు దాకా ఆసుపత్రి కట్టు కట్టి ఉంది. గుడ్డ పట్టీలు చుట్టి, పైన ప్లాస్టర్ అంటించి, చివర ముడి వేసి. ముక్కలన్నీ పేర్చి అలా నిలబెట్టింది. అరచెయ్యంత ముక్క ఒకటి దొరకలేదట. అక్కడ కన్నం.

"బతుకుతుందంటావా అక్కా?" అన్నాను.

"నోర్ముయ్యరా. తుడుస్తుంటే జారింది" అంది. అని ఏడ్చింది. అక్క ఏడవగా చూడ్డం నాకు అలవాటు లేదు. "ఆవిడ నా చేతిని నమ్మి ఇచ్చిందిరా. ఈయనకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆ రోజు నుంచి జాడీ అధికారికంగా మా ఇంట్లో ఉంది. బావ మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేను ఆయన వెనకాలే గదులన్నీ తిరిగేవాణ్ణి. ఆయన దిండ్లు ఎత్తేవాడు, చాపలు ఎత్తేవాడు, వంటింట్లో మూతలు ఎత్తేవాడు. జాడీ ఏదని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. నా భార్య, "లేని జాడీకి మీకెందుకండీ ఇంత చెమట?" అనేది.

ఇలా ఏళ్ళు గడుస్తుండగా అడవికి ముప్పొచ్చింది. ఆ చోట సిమెంటు గోదాము కడతామని ఒక పెద్దమనిషి అర్జీ పెట్టుకున్నాడు. చిటికెన బల్లి ఇంకెక్కడా లేదని బావ అడ్డుపడ్డాడు. పెద్దమనిషి తెలివైనవాడు. "అది ఇక్కడి బల్లే కాదండీ. కలప లారీల్లో ఎక్కడినుంచో దిగుమతైంది. ఇక్కడిదైతే ఇక్కడ గుడ్లు పెట్టాలిగా? ఒక్క గుడ్డన్నా చూపించమనండి" అన్నాడు.

నిజమే, ఆ బల్లి గుడ్లు చూశామని ఎవరూ చెప్పగా వినలేదు. విచారణకి ఒక కమిటీ వేశారు. వానలు తగ్గాక వస్తాం, గుడ్లు చూపిస్తే అడవి ఉంటుంది, లేకపోతే గోదాము వస్తుంది అని తేల్చి చెప్పారు.

ఆ వానాకాలమంతా బావ అడవిలోనే ఉన్నాడు. ప్రతి రాయీ, ప్రతి బెరడూ, ప్రతి ఎండుటాకూ ఎత్తి చూశాడు, దించాడు. చిక్కి సగమయ్యాడు. గుడ్లు పెట్టుకోవడానికి తొర్రలున్న ముసలి చెట్లని ఎప్పుడో ఎవరో కొట్టి పట్టుకుపోయారు. గుడ్డు ఒక్కటీ దొరకలేదు. ఒకరోజు మా షాపుకి వచ్చి, కళ్ళజోళ్ళ పెట్టెలు ఒక్కొక్కటే ఎత్తి దించుతూ కూర్చున్నాడు. అడవి పోతే ఆయన ఏమైపోతాడోనని నాకు దిగులేసింది.

కమిటీ వచ్చింది. పెద్దావిడ ఒకామె, దళసరి అద్దాల కళ్ళజోడు. మా షాపులో కొన్నది కాదు, ముక్కు మీద నిలవడం లేదు. వెంట గోదాము పెద్దమనిషి. బావ క్వార్టర్సు వరండాలోనే కూర్చున్నారు. నేను మంచినీళ్ళు అందించాను. అక్క లోపల టీ పెడుతోంది.

"మీరు ఎప్పుడన్నా ఈ బల్లి గుడ్లు చూశారా?" అంది పెద్దావిడ.

బావ ముందున్న గ్లాసు ఎత్తాడు. కింద చూశాడు. బల్ల మీద పడ్డ తడి చక్రం మీద మళ్ళీ సరిగ్గా పెట్టాడు.

"చూశాను."

నేను కూజా వదిలేయబోయాను. పెద్దమనిషి కాలు మీద వేసుకున్న కాలు దించాడు.

"ఎక్కడ?"

"చెప్పలేను."

"చెప్పలేకపోవడం ఏమిటండీ?"

"అది వేరేవాళ్ళు దాచుకున్నది. నేను ఎత్తి చూశాను, మళ్ళీ అలాగే పెట్టేశాను."

"బావా! అడవి పోతుంది" అన్నాను.

"తెలుసు."

"నీ బల్లి పోతుంది."

"తెలుసు" అన్నాడు. బల్లి విషయంలో అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పడానికి మనసొప్పదు. కుర్చీలో ముడుచుకుని చిటికెన వేలంత అయిపోయాడు.

పెద్దావిడ ఓపికగల మనిషి. "పోనీ, చోటు చెప్పకండి. ఎలాంటి చోటో చెప్పండి. రాయి కిందా?"

"కాదు."

"చెట్టు తొర్రా?"

"తొర్ర లాంటిదే. లోపల నున్నగా ఉంటుంది. తెల్లగా. మూతి సన్నం. పక్కన కన్నం."

ఆ మాటకి టీ ట్రేతో గుమ్మం దాటుతున్న అక్క ఆగిపోయింది.

"సహజంగా ఏర్పడ్డ కన్నమేనా?"

"ప్రమాదవశాత్తూ ఏర్పడింది" అన్నాడు బావ. శాస్త్రం అడిగితే ఆయన నోరు ఆగదు. "చాలా పాతది. మా అమ్మకన్నా..." అని ఏదో తట్టి, గబుక్కున గ్లాసు ఎత్తి దాని కింద చూడ్డం మొదలుపెట్టాడు.

ట్రేలో కప్పులు గలగలలాడాయి. ఆ చేతులు వణకడం నేను చూడ్డం అదే మొదలు. అక్క ట్రే బల్ల మీద పెట్టింది. పమిట సర్దుకుంది. "అందరూ నాతో రండి" అంది.

కొట్టులో డబ్బాలు జరిపి, దుప్పటి కొస పట్టుకుని, మా అందరి ముందూ చెప్పింది: "ఇది మా అత్తగారి జాడీ. నా చేతిలోంచి జారింది. పగలగొట్టింది నేను, కట్టు కట్టింది నేను, దాచింది నేను. మా తమ్ముడి దగ్గరుందని చెప్పిందీ నేనే. వాడి తప్పేం లేదు." జీవితంలో మొదటిసారి పగిలిన వస్తువు విషయంలో నన్ను నిర్దోషిగా ప్రకటించారు. తర్వాత అక్క దుప్పటి తీసి జాడీ మీద చెయ్యి వేయబోయింది.

"కదపకు!" అని అరిచాడు బావ. ఆయన అరవగలడని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

తర్వాత టార్చి వెలిగించి పెద్దావిడని కన్నం దగ్గరికి పిలిచాడు. ఆవిడ చూసింది. చూస్తూనే ఉండిపోయింది. తర్వాత నేనూ చూశాను. జాడీ లోపలి గోడ నిండా బఠాణీ గింజలంత తెల్లటి గుడ్లు, జంటలు జంటలుగా అతుక్కుని ఉన్నాయి. వాటి చుట్టూ పాతవి, పిల్లలు బయటికొచ్చి వెళ్ళిపోగా మిగిలిన గోరంత చిప్పలు, వరస మీద వరస. ఒక్క తల్లి పని కాదు అది. అడవిలోని ఆడబల్లులన్నీ ఏటేటా వచ్చి ఒకే చోట పురుడు పోసుకుంటున్నాయి. మెడ దగ్గర ఒక బల్లి కూర్చుని మమ్మల్నందర్నీ చూసి, కన్ను నాక్కుంది.

"ఈ జాడీని ఎత్తి ఇంకో అడవిలో పెట్టుకోవచ్చుగా?" అన్నాడు పెద్దమనిషి.

"గుడ్డు పెట్టగానే గోడకి అతుక్కుని గట్టిపడిపోతుంది. జాడీ కదిలితే ముక్కలు జరుగుతాయి, గుడ్లు చిట్లుతాయి" అన్నాడు బావ.

"లారీలో వచ్చినవి ఇన్నేళ్ళపాటు ఇక్కడే ఎందుకు పురుళ్ళు పోసుకుంటాయండీ?" అని పెద్దావిడ పెద్దమనిషిని అడిగింది. ఆవిడ తన చేత్తోనే దుప్పటి తీసి జాడీ మీద కప్పింది.

"ఇంకొంచెం ఎడమకండీ" అన్నాడు బావ.

అడవి నిలిచింది. అందరూ వెళ్ళాక అక్క వరండాలో బావ ఎదురుగా కూర్చుంది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పగిలిన మర్నాటి నుంచి. కొట్టు తలుపు పక్కన చీపురు జరిగి ఉంది."

"పిన్నిగారు వచ్చినప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

"తెలిసి కూడా ఒక్కమాట అనలేదేంటండీ? తిట్టాల్సింది కదా!"

"రాయి ఎత్తి బల్లిని తిడతామా?" అన్నాడు బావ, అందులో అర్థంకానిదేముందో తెలియక.

అక్క ఏడవబోయి నవ్వింది. నేను లేచి వచ్చేశాను. లేకపోతే నా కళ్ళు కూడా తుడుచుకోవాల్సి వచ్చేది. నాకు నాలుక అంత పొడుగు లేదు.

కొన్నాళ్ళకి ఆ గుడ్ల గురించి బావ రాసిన వ్యాసం పెద్ద పత్రికలో అచ్చయింది. నాకు చదవమని ఇచ్చాడు. గుడ్డు కొలతలు, పెంకు మందం, పిల్లల రంగు అన్నీ ఉన్నాయి. గుడ్లు దొరికిన చోటు అన్న శీర్షిక కింద ఇలా రాసి ఉంది: 'పింగాణీ జాడీ, పగిలినది. కట్టు ఎంతో నైపుణ్యంగా ఉంది. పగిలిన కారణం తెలియరాలేదు.'

అక్క నా చేతిలోంచి లాక్కుని చదివింది. "తెలియకపోవడం ఏంటండీ? కమిటీ ముందు నేనే చెప్పాను కదా!"

"విన్నాను" అన్నాడు బావ. "కానీ పగిలినప్పుడు నేనక్కడ లేను. చూడనిది రాయకూడదు."

అక్క ఆ కాగితాలు మడిచి, లోపలికి తీసుకెళ్ళి, అలమరలో దుప్పట్ల అడుగున దాచుకుంది. మర్నాడు నేను వెళ్ళేసరికి బావ అలమర ముందు నిలబడి ఉన్నాడు. కప్పుకోవడానికి దుప్పటి కావాలేమో, మొత్తం దొంతర ఎత్తాడు. అడుగున ఉన్నది చూశాడు. తర్వాత దొంతరని మడతతో సహా, ఒక పక్కకి జారుతున్న అంచుతో సహా ఎలా ఉన్నది అలా పెట్టేసి, దుప్పటి లేకుండానే వెళ్ళిపోయాడు.

నేను గుమ్మం దగ్గర కర్టెన్ పక్కకి తీసి చూస్తున్నాను. దాన్ని మునుపు ఎలా ఉందో అలాగే సర్ది, ఇంకొంచెం ఎడమకి లాగి, చప్పుడు చేయకుండా వచ్చేశాను.